“ఎందుకు కొన్నావు” అని కాదు, “ఎప్పుడు కట్టావు” అని అడగండి

తూర్పు బెంగళూరు బ్యాంకు కౌంటర్లలో, పోలీస్ స్టేషన్ల సహాయ కేంద్రాల్లో కూర్చునే వారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

ఔటర్ రింగ్ రోడ్డు వెనక సందులో నాదొక జిరాక్స్ షాపు. హిందూపురం నుంచి వచ్చి పందొమ్మిదేళ్లయింది. బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, పాన్ కార్డు, రైలు టికెట్లు అని ఉంటుంది. బోర్డు మీద లేని పని ఒకటి ఈ నాలుగైదేళ్లలో తనంతట తానే వచ్చి చేరింది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోయినవాళ్లకు ఫిర్యాదు టైపు చేసిపెట్టడం. ప్రింటుకు తప్ప దానికి డబ్బు తీసుకోను.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీలో చాలామందికి తెలుగు వచ్చు. కౌంటర్లలో నెల్లూరువాళ్లున్నారు. స్టేషన్లలో బాగేపల్లి, ముళబాగిలు వైపువాళ్లున్నారు, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. కన్నడ ప్రతి కూడా సిద్ధం చేస్తున్నాను, అది నేనే తెచ్చి చేతికిస్తాను.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మూడింటప్పుడు మా వీధి చివరి పీజీ హాస్టల్లో వంట చేసే అక్క వచ్చింది. కదిరి దగ్గర పల్లె వాళ్లది. వేళ్లకు ఇంకా పసుపు అంటుకునే ఉంది. షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని ఫోన్ నా ముందు పెట్టింది. తెర మీద మిక్సీ. మూడు జార్లు, 750 వాట్లు, “గోదాము ఖాళీ చేస్తున్నాం, ఈ రాత్రి వరకే”. 6,999 మీద అడ్డగీత గీసి పక్కన 1,499. కింద ఎర్ర అంకెల్లో గడియారం వెనక్కి నడుస్తోంది, ఇంకా రెండు గంటల పధ్నాలుగు నిమిషాలే ఉన్నట్టు. పేజీ మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ రెండు గంటల పదిహేను నిమిషాల దగ్గర మొదలైంది. ఆదివారం రాత్రి ఆమె యూపీఐలో డబ్బు కట్టినప్పుడు కూడా అదే గడియారం అలాగే నడిచి ఉంటుంది.

మూడో రోజుకు ఆమెకు అనుమానం వచ్చింది. పేజీలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే మోగదు. పార్సెల్ ఎక్కడుందో చూపించే లింకు నొక్కితే ఎప్పుడూ “బయలుదేరింది” అనే ఉంటుంది. బుధవారం బ్యాంకుకు వెళ్లింది. పీజీలో మధ్యాహ్నం అన్నాలు ముగిసే రెండున్నరకూ, సాయంత్రం టీ పెట్టే నాలుగింటికీ మధ్య ఆమెకు దొరికేది గంటన్నర. అందులో నలభై నిమిషాలు మీలో ఒకరి కౌంటర్ ముందు నిలబడింది. అక్కడ అడిగినవి నాకు వరసగా అప్పజెప్పింది. ఎందుకు కొన్నావు? ఆ ధరకు మిక్సీ ఎవరిస్తారు? పిన్ నువ్వే కొట్టావు కదా, మేమేం చేస్తాం? పోలీసులకు చెప్పుకో. గురువారం స్టేషన్‌కు వెళ్తే అక్కడ రెండే మాటలు. ఎంత పోయింది? 1,499 రూపాయలకా, ఆన్‌లైన్‌లో పెట్టుకోమ్మా.

రెండు చోట్లా ఒక్కరు కూడా ఆ డబ్బు ఏ రోజు, ఏ టైముకు కట్టావని అడగలేదు.

“కూతురికి ఇద్దామని తీసుకుంటి అన్నా. అల్లునికి తెలిస్తే నవ్వుతాడు, ఎవరికీ చెప్పొద్దు” అంది. ఆమె ఫోన్ నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాను. అప్పటికి ఆదివారం రాత్రి పోయిన డబ్బుకు ఐదు రోజులు నిండబోతున్నాయి.

మీకు తెలియని సంగతి కాదిది, అయినా రాస్తాను. ఇలాంటి దుకాణానికి కట్టిన డబ్బు రెండు దారుల్లో పోతుంది. పేమెంట్ గేట్‌వే, అంటే కొన్నవాడి డబ్బు అమ్మినవాడికి చేరవేసే మధ్య కంపెనీ గుండా పోతే అది అమ్మినవాడి చేతికి అప్పటికప్పుడు చేరదు, మధ్యలో ఎస్క్రో ఖాతాలో, అంటే కొంతకాలం పట్టి ఉంచే ఖాతాలో ఆగుతుంది. నేరుగా ఎవరో ఒకరి ఖాతాకు పోతే అక్కడి నుంచి రెండో ఖాతాకు, మూడో ఖాతాకు, చివరికి ఏటీఎంకు. ఏ దారైనా ఆపడానికి కొంత సమయం ఉంటుంది, కానీ ఎక్కువ ఉండదు. 1930 పెట్టింది అందుకే. 2021లో కేంద్ర హోంశాఖ ఈ ఏర్పాటు తెచ్చినప్పుడు నంబరు 155260, తర్వాత 1930 అయింది. అక్కడ నమోదైన ఫిర్యాదు డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తుంది. ఆ ఖాతాలో మిగిలి ఉన్నంత మేరకు వాళ్లు ఆపేస్తారు. ముందుకు పోయి ఉంటే కబురు తర్వాతి బ్యాంకుకు పోతుంది. ఆగిన డబ్బు వెనక్కి వచ్చే దారి ఉంటుంది. ఏమీ మిగలకపోతే ఏమీ రాదు. బుధవారం మధ్యాహ్నం మీ కౌంటర్ దగ్గరే ఆ నాలుగంకెలు నొక్కించి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

1,499 చిన్న మొత్తమే. వాడు ఆ ధర పెట్టిందే అందుకని నా నమ్మకం. యాభై వేలు పోతే మనిషి రాత్రికి రాత్రే స్టేషన్ తలుపు తడతాడు. పదిహేను వందలు పోతే ఒక రోజు తిట్టుకుని, రెండో రోజు ఇంట్లో దాచి, మూడో రోజు మరిచిపోతాడు. ఆ మరిచిపోవడం మీదే వాడి వ్యాపారం నడుస్తుంది. మా షాపుకు వచ్చినవాళ్లలో వేర్వేరు పీజీల్లో ఉండే ఇద్దరు అమ్మాయిలు వేర్వేరు పేర్లున్న దుకాణాల్లో కొన్నారు, ఒకరు హెడ్‌ఫోన్లు, ఒకరు చుడీదార్లు. చెల్లింపు చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు చేరిన యూపీఐ ఐడీ ఒకటే. నా బల్ల మీద రెండు కాగితాలకే ఇది బయటపడింది. మీరు వెనక్కి పంపిన చిన్న ఫిర్యాదులన్నీ నమోదై ఉంటే ఇంకెన్ని కలిసేవో.

“పిన్ నువ్వే కొట్టావు కదా” అనే మాటకు వస్తాను. అందులో నిజం లేదనను. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ను మా షాపులో ప్రింటు తీసి పెట్టుకున్నాను. ఖాతాదారుడి ప్రమేయం లేకుండా మూడో మనిషి డబ్బు లాగితే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే నష్టం ఖాతాదారుడి మీద పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత పడుతుంది. అది మనిషికి తెలియకుండా పోయిన డబ్బు సంగతి. తానే నమ్మి కట్టిన డబ్బుకు ఆ రక్షణ అలాగే వర్తించదు, వచ్చినవాళ్లకు నేనూ ఆ మాటే చెబుతాను. లేని ఆశ పెట్టను. కానీ వర్తించదు కాబట్టి ఫిర్యాదు కూడా తీసుకోనక్కర్లేదని ఆ సర్క్యులర్‌లో ఎక్కడుంది? యూపీఐ చెల్లింపు మీద వివాదం ఎత్తడానికి ప్రతి యాప్‌లోనూ దారి ఉంది. కార్డు మీద కట్టి సరుకు రాకపోతే ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు తిప్పి ఇప్పించమని అడిగే దారి ఉంది, దానికి గడువూ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం రసీదు. మీరు నెల రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు సరిగా లేకపోయినా ఖాతాదారుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి రాసుకోవచ్చని ఆ బ్యాంకు పథకమే చెబుతోంది. దానికి పైసా రుసుము లేదు. కానీ ముందు మీకు ఫిర్యాదు చేసినట్టు ఆధారం ఉండాలి. మీరు నోటిమాటతో పంపించేస్తే మీ తలుపుతో పాటు ఆ పైనున్న తలుపు కూడా మూసినట్టే.

ఇప్పుడు నా సంగతి. ఇది మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఈ లేఖతో ఊరికంతా తెలుస్తుంది, తెలియనీ. రెండేళ్ల కిందట నా పాత లామినేషన్ మెషిన్ రోలర్ పోయింది. కొత్తది బయట తొమ్మిది వేలు. ఫోన్లో ప్రకటన వచ్చింది, 4,200. అడ్రస్ బారులో తాళం గుర్తు చూసుకున్నాను, అప్పట్లో అదే పెద్ద గుర్తు అనుకునేవాణ్ణి. ఆ తాళం చెప్పేది నా ఫోనుకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే సమాచారం మూడోవాడు చదవలేడని మాత్రమే. అవతల కూర్చున్నవాడు దొంగా దొరా అన్నది అది చెప్పదు. ఆ తాళం గుర్తు తెప్పించే సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది కూడా. కట్టాను. మెషిన్ రాలేదు.

అక్కడితో ఆగితే 4,200తో పోయేది. నేను ఆ కంపెనీ పేరు కొట్టి, కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాను. ఎంత మర్యాదగా మాట్లాడాడని! “సార్, రీఫండ్ రెడీగా ఉంది, మీ వైపు చిన్న సమస్య ఉంది” అని ఒక యాప్ వేసుకోమన్నాడు. నా తెర వాడికి కనిపించే యాప్ అది. తర్వాత ఒక కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు, పిన్ కొడితే డబ్బు లోపలికి వస్తుందన్నాడు. రోజుకు వంద మంది నా షాపు గోడ మీది కోడ్ స్కాన్ చేసి నాకు డబ్బు పంపిస్తారు. తీసుకునేవాడికి పిన్ అక్కర్లేదని నాకు తెలియదా? తెలుసు. కొట్టాను. 9,800 పోయాయి.

ఫిర్యాదు చేయలేదు. పది మందికి ఫారాలు నింపే మనిషిని, ఏ మొహం పెట్టుకుని కౌంటర్ ముందు నిలబడి “ఎందుకు కొన్నావు” అనిపించుకోను? మీరు అడగకముందే ఆ ప్రశ్న నా చెవిలో మోగింది. అందుకే ఆ ప్రశ్న మీద నాకంత కోపం. కొనడానికి కారణం ఏదైనా, దొంగను పట్టడానికి అది ఒక్క పైసా పనికిరాదు.

స్టేషన్ వారికి రెండు మాటలు. “సైటు వేరే రాష్ట్రానిది, మా పరిధి కాదు” అని కూడా విన్నాం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అని మనం పిలిచేది అదే. లేని దుకాణం పేరుతో, ఇంకొకరి వేషంతో కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. సైబర్ నేరాలు చూసే సెన్ స్టేషన్లు నగరంలో ఉన్నాయి కదా, కనీసం దగ్గరిది ఎక్కడుందో ఒక చీటీ మీద రాసివ్వండి. పెద్దామె ఒకరు మొన్న సెన్ అంటే ఏమిటో తెలియక ఎక్కడెక్కడో తిరిగి, చివరికి పోస్టాఫీసుకు వెళ్లి వచ్చారు.

“ఆన్‌లైన్‌లో పెట్టుకో” అనడం సులభమే. సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడం ఎలా ఉంటుందో ఒకసారి నా పక్కన కూర్చుని చూడండి. ముందు ఓటీపీ. తర్వాత ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఏ తేదీ, ఎంత, లావాదేవీ నంబరు. యూపీఐలో అది పన్నెండు అంకెలు. ఫోన్లో చెల్లింపు మీద నొక్కితే అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది తెచ్చే స్క్రీన్‌షాట్‌లో పచ్చటి టిక్కు గుర్తు మాత్రమే ఉంటుంది, నంబరు ఉండాల్సిన అడుగు భాగం తెగిపోయి ఉంటుంది. ఆ తర్వాత జరిగింది రాయాలి, రెండు వందల అక్షరాలకు తగ్గకూడదు. వంట చేసే అక్క ఇంగ్లీషులో రెండు వందల అక్షరాలు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆమె తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొట్టాను. “నవ్వుతాడు” అన్నది మాత్రం రాయలేదు.

అందరి కథా ఒకటి కాదని కూడా గమనించండి, ఎందుకంటే చేయాల్సిన పని మారుతుంది. మదనపల్లె తమ్ముడొకడు క్యాబ్ నడుపుతాడు. పార్సెల్ వచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతిలో బూట్లు తెప్పించుకున్నాడు. విప్పితే లోపల పాత న్యూస్ పేపర్లు, ఒక ప్లాస్టిక్ చెప్పుల జత. డబ్బాను పారేయబోతుంటే ఆపాను. పెట్టె మీది చీటీ మీద కొరియర్ నంబరు, పంపినవాడి చిరునామా ఉంటాయి. గుమ్మం దగ్గర వసూలైన డబ్బును కొరియర్ వాళ్లు అమ్మినవాడికి అప్పటికప్పుడు ఇవ్వరు, కొన్ని రోజుల తర్వాత జమచేస్తారు. ఆ లోపల కొరియర్ కంపెనీకి నంబరుతో సహా రాస్తే ఆపే అవకాశం ఉంటుంది. అదే రోజు రాశాం. అతనికి డబ్బు వచ్చింది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో డబ్బు తిరిగి దక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇతనొకడు.

కార్డు కథ వేరు. సాఫ్ట్‌వేర్ పిల్ల, కార్డు నంబరు, వెనకున్న మూడంకెలు అన్నీ కొట్టింది. “చెల్లింపు విఫలం” అని వస్తే మళ్లీ కొట్టింది. పోయింది ఆ రెండు సార్ల డబ్బేనని ఆమె లెక్క. నా భయమంతా కార్డు వివరాల గురించి, అవి ఇప్పుడు వాడి దగ్గరున్నాయి. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగకుండానే డబ్బు లాగుతాయి. అలాంటివాళ్లు మీ దగ్గరికి వస్తే ముందు కార్డు మూయించండి. విదేశీ లావాదేవీలు ఆపుకునే మీట 2020 నుంచి ప్రతి బ్యాంకు యాప్‌లోనూ ఉంది, అది చూపించండి. ఇంకెక్కడైనా అదే పాస్‌వర్డ్ వాడుతోందా అని కూడా అడగండి. ఆ అమ్మాయి తన మెయిల్‌కూ, ఆ దుకాణానికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టింది.

ఇంకో తేడా ఉంది, మీ సహాయ కేంద్రాల్లో తరచూ కలగాపులగం చేసేది. నిజంగా ఉన్న కంపెనీ పాడైన సరుకు పంపి డబ్బు వెనక్కి ఇవ్వకపోతే ఆ దారి 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ దుకాణం తన చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు సైటులో పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్నవాళ్లు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు, రెండేళ్ల గడువుంది, విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. కానీ మిక్సీ దుకాణం లాంటి దయ్యపు దుకాణానికి నోటీసు ఏ గుమ్మానికి అంటిస్తారు? ఆ సైటు ఎప్పుడు పుట్టిందో శుక్రవారమే చూశాను. “2009 నుంచి మీ సేవలో” అని రాసుకున్న దుకాణం పేరు నమోదై పదకొండు రోజులైంది. దీనికి 1915 పనిచేయదు, 1930 కావాలి. మొన్న ఒక హెల్ప్ డెస్క్‌లో సరిగ్గా తిరగేసి చెప్పి పంపారు.

మీ ఇబ్బంది నాకు తెలియదని కాదు. నెల మొదటి వారంలో పింఛన్ల లైను ఎక్కడి వరకు ఉంటుందో మా షాపు నుంచే కనిపిస్తుంది. స్టేషన్లో ముగ్గురు చేసే పని ఒక్కరు చేస్తున్నారు. నేనడిగేది కేసు తేల్చమని కాదు. మనిషి ఎదురుగా నిలబడగానే ఎప్పుడు కట్టావని అడగండి, అక్కడే ఆమె ఫోన్లోంచే 1930 చేయించండి, కాగితం తీసుకుని ముద్ర వేసి నకలు ఇవ్వండి. మందలించాలనుకుంటే ఆ తర్వాత మందలించండి, వింటాం. కౌంటర్ పక్కన గోడకు 1930 అని పెద్ద అంకెల్లో ఒక కాగితం అంటించండి. కన్నడ నేల మీద కన్నడం పైన ఉండాలి, కింద ఒక వరుస తెలుగు, ఒక వరుస తమిళం, ఒక వరుస హిందీ ఉంటే చాలు. ప్రింటు, లామినేషన్ నేను చేసిస్తాను. 9,800కు పాఠం నేర్చుకున్నాక కొన్న మెషిన్ బాగానే పనిచేస్తోంది, ఎస్పీ రోడ్డులో కళ్లతో చూసి కొన్నాను.

మిక్సీ పేజీ శనివారం పొద్దున్నే మాయమైంది. శుక్రవారం నేను తీసిపెట్టిన ప్రింట్లు మాత్రం ఉన్నాయి. అడ్రస్ బారు కనిపించేలా పేజీ మొత్తం, ప్రకటన, చెల్లింపు వివరం, డబ్బు చేరిన ఐడీ, 1930 ఇచ్చిన ఫిర్యాదు నంబరు.

ఈ సోమవారం రెండున్నరకు ఆ అక్క ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ మీ కౌంటర్‌కు వస్తుంది. నాలుగింటికి పీజీలో టీ పెట్టాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు రెండు ప్రతులు తెస్తుంది, ఒకదాని మీద తేదీ, ముద్ర వేసి ఆమెకివ్వండి.

ఇట్లు,
మీ వెనక సందులోని జిరాక్స్ షాపు వాణ్ణి